ముందు నేల ఒప్పుకోవాలి

అర్డెల్లా బాయ్‌కిన్ మంచి మనిషి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. న్యాయమైన మనిషి అంటే సరేనంటాను. మంచి మనిషైతే కన్నకూతురి పాట రికార్డును రెండుసార్లు తిప్పి పంపుతుందా?

నా పేరు థియోటిస్. డెట్రాయిట్ తూర్పు పక్కన, గ్రాషియట్ రోడ్డు మీది స్కేటింగ్ హాల్లో స్కేట్లు బాగుచేస్తాను. చక్రాలు మార్చడం, బేరింగులు కడగడం, తెగిన లేసులు ఎక్కించడం నా పని. నా కొట్టు కిటికీలోంచి చూస్తే చెక్క నేల మొత్తం కనిపిస్తుంది. ఎదురుగా, కాస్త ఎత్తున, అర్డెల్లా గది. అందులో రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్ళు రెండు, ఒక మైకు, పాల సీసాలు మోసే ప్లాస్టిక్ పెట్టె నిండా రికార్డులు. ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళ పూట. ఆ పూట ఏ పాట మోగాలో, ఎప్పుడు జంటలు దిగాలో, ఎప్పుడు ఒకరి నడుము ఒకరు పట్టుకుని రైలు కట్టాలో అన్నీ ఆమె చెప్పాలి. హాలు యజమాని కూడా ఆమె మైకు తీస్తే నోరు మూసుకుంటాడు.

అర్డెల్లా చర్చి నేలమాళిగలో మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ నేర్చుకుంది. ఆ వాయిద్యమే ఎందుకంటే, మిగతావన్నీ మగపిల్లలు ముందే పట్టుకుపోయారు. మామూలు గిటార్ వాయించేవాడిని అమ్మాయిలు చూస్తారు, బేస్ వాయించేవాడిని వాడి అమ్మ కూడా చూడదని మా వైపు ఒక మాట. ఈమెను మాత్రం అందరూ చూశారు. పాస్టరుగారు కూడా చూశారు. ఆమె బేస్ మోగుతుంటే పెద్ద ముత్తయిదువల నడుములు కూడా కదులుతున్నాయని కనిపెట్టి, పిల్లను మర్యాదగా బయటకు సాగనంపారు.

బయట ఆమె కోసం ఫంక్ అనే ఆటపాటల సంగీతం కాచుకుని ఉంది. సెవెన్ మైల్ గ్రేవీ అని మా పేట కుర్రాళ్ళ బృందం ఒకటి ఉండేది. అర్డెల్లా వారమంతా ఫ్యాక్టరీలో కారు సీట్లు కుట్టి, శనివారాలు వాళ్ళతో యూనియన్ హాళ్ళలో వాయించేది. వేయించిన కోడి, మందు సీసాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకుని, ఒంటి మీది బట్టలు తడిసేదాకా ఆడేవాళ్ళు జనం. నేనూ ఆడాను. ఫంక్‌లో కిటుకు ఏమిటంటే, నాలుగు దరువుల్లో మొదటిదాని మీద అందరూ కలిసి పడాలి. ఆ ఒకటి మీద కలిశారా, మిగతా మూడింట్లో ఎవడి దారిన వాడు ఎంత తిరిగొచ్చినా ఇల్లు తప్పిపోడు. అర్డెల్లా ఆ ఒకటి మీద వేలు వేస్తే గోడకు ఆనుకుని నిలబడ్డ మొండివాళ్ళు కూడా ముందుకు వచ్చేవాళ్ళు.

తర్వాత కాలం మారింది. ఒక వ్యాను నిండా మనుషులను పిలవడం కన్నా ఒక మనిషినీ ఒక మిషనునూ పిలవడం సులువని హాళ్ళవాళ్ళు తెలుసుకున్నారు. బృందం చెదిరింది. అర్డెల్లా బేస్ గిటార్‌ను మంచం కిందకు తోసి, చక్రాలు కట్టుకుని మా హాలుకు వచ్చింది. ఎందుకు వచ్చావని అడిగితే, "వేళ్ళతో వాయించనివ్వకపోతే కాళ్ళతో వాయించుకుంటా. నీకేం నొప్పి?" అంది. మా స్నేహం ఆ తిట్టుతోనే మొదలైంది.

అప్పట్లో రికార్డులు వేసేవాడు ఒకడుండేవాడు, పేరు క్లీటస్. తనకు తెలియని పాట లేదని వాడి నమ్మకం. ఒక ఆదివారం, నేల మీద పెద్ద రైలు కట్టి ఉండగా, ఆ రోజే కొన్న కొత్త రికార్డు వేశాడు. అందులో మొదటి దరువు ఉండవలసిన చోట లేదు. ముందున్నవాళ్ళు ఒక దరువు మీద తోశారు, వెనకున్నవాళ్ళు ఇంకో దరువు మీద తోశారు. రైలు మధ్యలో విరిగి, మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. రైలుకు ముందున్నది అర్డెల్లా. మెడ దగ్గరి ఎముక విరిగింది. మళ్ళీ వారం చేయి మెడకు కట్టుకుని ఆ గది మెట్లెక్కి, "లే," అంది. క్లీటస్ లేచాడు. ఇక అందులో ఎవరూ కూర్చోలేదు, ఆమె తప్ప.

అప్పటి నుంచి మా హాల్లో ఒక పద్ధతి. ఏ కొత్త రికార్డూ నేరుగా జనం ముందు మోగదు. శనివారం పొద్దున హాలు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను సూది పెట్టమని, తను ఒక్కతే నేల మీదకు దిగి ఆ పాట మీద తిరుగుతుంది. కాలు సాగితే రికార్డు పెట్టెలోకి, సాగకపోతే గుమ్మం బయటికి. పేరున్నవాళ్ళ పాటైనా, రేడియోలో రోజంతా మోగే పాటైనా అంతే.

"ముందు నేల ఒప్పుకోవాలి. తర్వాతే నేను," అంటుంది.

ఆమెకు ఒక్కతే కూతురు, కెన్యాటా. మంచం కింద నుంచి బేస్ గిటార్‌ను లాక్కుని, దాని సంచి మీద పుస్తకాలు పెట్టుకుని హోంవర్కు చేసిన పిల్ల. స్కేట్లు వేసుకుని నడక నేర్చుకుందంటే అబద్ధం కాదు. పదిహేనేళ్ళు రాగానే స్కేటింగ్ ముసలాళ్ళ పని అనేసి, ఇంటి నేలమాళిగలో డ్రమ్ మిషను పెట్టుకుని తలుపేసుకుంది. అప్పుడు మా ఊళ్ళో సగం మంది పిల్లలది అదే జబ్బు. మా ఫంక్‌లోంచి బేస్ నడకను తీసుకుని, బాకాలూదేవాళ్ళనూ పాడేవాళ్ళనూ ఇంటికి పంపేసి, వాళ్ళ స్థానంలో ఫ్యాక్టరీ చప్పుడు పెట్టారు. దానికి టెక్నో అని పేరు. సముద్రం అవతల దేశాల క్లబ్బుల్లో దాని కోసం జనం విరగబడతారట. కెన్యాటా రికార్డులు కూడా అక్కడ మోగాయి. ఇక్కడ మాత్రం పోస్టాఫీసు సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. తల్లి చేలో మేస్తే పిల్ల గట్టున మేస్తుందా? పగలు ఉద్యోగం, మిగతా పొద్దంతా దరువు.

ఆ పిల్లకు లోకంలో ఇంకెవరి మెప్పూ అక్కర్లేదు. తన రికార్డు ఒక్కటి అమ్మ పెట్టెలో ఉండాలి, ఆదివారం పూట మోగాలి. అదీ ఆమె కోరిక.

మొదటిసారి తెచ్చినప్పుడు నేనే సూది పెట్టాను. నాకు బాగానే అనిపించింది. అర్డెల్లా రెండు చుట్లు తిరిగి, నేల చుట్టూ ఉన్న కటకటాల దగ్గర ఆగింది.

"పాటకేం, బానే ఉంది. నా కాలికే చోటు లేదు."

"చోటేంటమ్మా?"

"ఒకటి మీద నేను తోస్తే మిగతా మూడూ జారాలే పిల్లా. నీ మిషను నాలుగింటి మీదా తోయమంటోంది. ఇది స్కేటింగా, కవాతా? పొద్దస్తమానం ఉత్తరాలు పంచుతూ నడుస్తావుగా, నడిచే పాటే కట్టుకొచ్చావు."

"బెర్లిన్‌లో దీనికి పైకప్పు ఎగిరిపోయింది, తెలుసా?"

"అయితే బెర్లిన్‌లోనే స్కేటింగ్ హాలు పెట్టుకో. ఇక్కడి పైకప్పు ఇప్పటికే కారుతోంది."

రెండోసారి కెన్యాటా తెలివిగా వచ్చింది. సెవెన్ మైల్ గ్రేవీ పాత రికార్డులోంచి వాళ్ళమ్మ వాయించిన బేస్ ముక్కను కత్తిరించి, దాన్నే తిప్పి తిప్పి పాట కట్టింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఈసారి తల్లి కరిగిపోతుందనుకున్నాను. ఒక్క చుట్టుకే ఆగిపోయింది మహాతల్లి.

"నా వేళ్ళు నాకే వడ్డిస్తున్నావేంటే?"

"నీకు గౌరవంగా ఉంటుందని పెట్టానమ్మా."

"గౌరవమా? దానికి సమాధి మీద పూలు పెడతారు, నేనింకా చావలేదు. చూడూ, ఆ బేస్‌లో నేను వాయించింది సగమే. మిగతా సగం వాయించకుండా ఆగాను. నువ్వు నేనాగిన చోటల్లా ఏదో ఒకటి కూరేశావు."

కెన్యాటాకు ఒళ్ళు మండింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ సంగతి. మోకాలు లేవక నా పాటకి వంక పెడుతున్నావు!"

అర్డెల్లా మెల్లగా కూర్చుని లేసులు విప్పుకుంది. ఎడమ మోకాలు నిజంగానే వాచి ఉంది. పిల్ల అన్నది తప్పు మాట, కానీ అబద్ధం కాదు.

ఆ చలికాలం డాక్టరు తేల్చి చెప్పేశాడు. మోకాలి కీలు తీసి కొత్తది వేయాలి. ఆ తర్వాత చక్రాల మీద నిలబడడం జన్మలో కుదరదు. ఆపరేషను ఒక సోమవారానికి పడింది. అంటే దాని ముందు శనివారమే అర్డెల్లా రికార్డులను పరీక్షించగల ఆఖరి రోజు. తర్వాత ఆ పని ఎవరు చేస్తారన్నది ఎవరికీ తెలియదు. రేడియో పెట్టేద్దామని యజమాని నాతో మెల్లగా అన్నాడు. ఆ మాట నేను అర్డెల్లాకు చేరవేశాను. ఎందుకు చేరవేశానా అని తర్వాత బాధపడ్డాను. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదని కెన్యాటా చెప్పింది.

ఆ శనివారం బయట బురద మంచు. కెన్యాటా మూడో రికార్డు చంకలో పెట్టుకుని వచ్చింది. మొహంలో పొగరు లేదు, భయమే ఉంది. అర్డెల్లా స్కేట్లు కట్టుకుంది. లేచింది. నాలుగు తోపులు వేసిందో లేదో, ఎడమ కాలు మడత పడి కటకటాలు పట్టుకుంది. నేను పరుగెత్తాను. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి మీద ఐసు సంచి పెట్టాను. నొప్పికి కళ్ళు మూసుకుంది.

కెన్యాటా తల్లి ముందు గొంతుక్కూర్చుంది. "అమ్మా, ఈ ఒక్కసారికి వదిలెయ్. విని చెప్పు, చాలు. నీ చెవి చెప్తే నేను నమ్ముతా."

"చెవికి అన్నీ ఇష్టమేనే. చెవిది మొహమాటం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అర్డెల్లా, నీది గుండెనా బండరాయా? ఎల్లుండి ఆసుపత్రికి పోతున్నావు. కన్నబిడ్డ రికార్డు పెట్టెలో పడేస్తే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది. ఆ రోజు క్లీటస్ గాడు కూడా ఒక్కసారే అనుకున్నాడు."

"అయితే నేను దిగి తిరుగుతా."

"నీకు అంత లయ ఉంటే ఆ కొట్లో కూర్చుని చక్రాలెందుకు కడుగుతావయ్యా?" అని, తన స్కేట్లు విప్పి కూతురి ముందు పెట్టింది. "నువ్వు వేసుకో."

"నేనా? స్కేట్ చేసి ఎన్నేళ్ళైందమ్మా!"

"నీ కాళ్ళు మర్చిపోలేదు. నువ్వు మర్చిపోయావు, అంతే."

తల్లి పాదం పెద్దది. కెన్యాటా రెండు జతల మేజోళ్ళు తొడిగి లేసులు బిగించింది. నేను పైకి వెళ్ళి సూది పెట్టాను. మొదట్లో గోడను వదల్లేదు. తర్వాత భుజాలు వదులయ్యాయి. మూల తిరిగేటప్పుడు ఆ పిల్ల నడుము వంగిన తీరు చూశాను. అచ్చం అర్డెల్లాయే. పాట కూడా బాగా కుదిరింది. మొదటి దరువు బలంగా ఉంది, కాలు జారడానికి వీలుంది. ఇక గెలిచినట్టేనని నేను గదిలో పిడికిలి బిగించాను.

పాట సగంలో బేస్ మీద ఇంకో బేస్ ఎక్కింది. దాని మీద మరొకటి. క్లబ్బుల్లో జనం చేతులెత్తి కేకలు వేసే చోటు అదేనట. నేల మీద మాత్రం కెన్యాటా అడుగులు పొట్టివయ్యాయి. ఒకసారి తోసింది, వెంటనే మళ్ళీ తోసింది, జారే తెరిపి దొరకలేదు. అలాగే ఒక చుట్టు పూర్తిచేసి, తల్లి కుర్చీ ముందుకు వచ్చి ఆగింది. నేను సూది ఎత్తాను.

"ఏమైంది?" అంది అర్డెల్లా. ఆమెకు కనిపించింది. కనిపించనట్టు అడిగింది.

ఆ క్షణాన ఆ పిల్ల ఏం చెప్పినా చెల్లేది. బాగుందంటే తల్లి కాదనడానికి లేదు, నేల మీద తిరిగింది ఆమె కాదు కాబట్టి. రికార్డు పెట్టెలోకి వెళ్ళేది. ఇన్నేళ్ళ కోరిక తీరేది. కెన్యాటా నేల వైపు చూసింది.

"కుదరలేదమ్మా."

"ఎక్కడ?"

"బేస్ మీద బేస్ ఎక్కిన చోట. అక్కడే నాకు గర్వం. అక్కడే కాలికి ఊపిరాడట్లేదు."

అర్డెల్లా ఏడ్చింది. చప్పుడు లేకుండా కాదు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కెన్యాటా కంగారుపడి, నొప్పా అమ్మా, నొప్పా అంటూ చేతులు పట్టుకుంది. నేను మెట్లు దిగి వచ్చేసరికి నా కళ్ళూ తడిశాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"నొప్పి కాదే వెర్రిదానా," అంది అర్డెల్లా ముక్కు తుడుచుకుంటూ. "పెట్టె ఎవరికివ్వాలో తెలీక కుమిలిపోతున్నా. నీ పాటకే కాదన్నావు. ఇంక ఊళ్ళోవాళ్ళకి అవునంటావా? రేపట్నించి అది నీది. మెట్లెక్కడం నా వల్ల కాదు."

"నాకొద్దు. నాకు నా రికార్డు చాలు."

"రికార్డు ఎప్పుడు పెట్టాలో కూడా ఇంక నువ్వే తేల్చుకో. నన్నడక్కు."

మర్నాడు ఆదివారం గదిలో కెన్యాటా కూర్చుంది. తన పాట వేయలేదు. సోమవారం ఆపరేషను అయింది. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ పిల్ల ఉత్తరాలు పంచి, పోస్టాఫీసు బట్టలతోనే వచ్చేది. అంటే మా పరీక్ష పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి మారింది. వాళ్ళవీ వీళ్ళవీ రికార్డులు పరీక్షించి, చివరికి తనది తీసేది. తిరిగేది. మొహం ముడుచుకునేది. "కాదు బాబాయ్," అని దాన్ని సంచిలో పెట్టుకుని పోయేది. తల్లికన్నా మొండిది. ఒకసారి నేనే ప్రాణం విసిగి, "ఇది బానే ఉంది కదే," అంటే, "నువ్వు చక్రాలు కడుక్కో బాబాయ్," అంది. ఆ గొంతు ఎక్కడిదో నేను మీకు చెప్పక్కర్లేదు.

మంచు కరిగాక ఒక శనివారం ఆరు చుట్లు తిరిగింది. పాట అయిపోయింది. ఆమె ఇంకా జారుతూనే ఉంది, చప్పుడు లేని నేల మీద. తర్వాత వచ్చి, "పెట్టెలో పెట్టు బాబాయ్. అమ్మతో అనకు," అంది.

మర్నాడే అర్డెల్లా మొదటిసారి హాలుకు వచ్చింది, ఆసుపత్రి వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీలో. ఆ కుర్చీ కిర్రుమంటుంటే నా ప్రాణం పోయింది. ఆసుపత్రుల్లో మనుషుల ఎముకలు మారుస్తారు గానీ బేరింగులు కడగరు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, కుర్చీ చక్రాలు ఊడదీసి శుభ్రంగా నూనె వేసి ఇచ్చాను. "ఇప్పుడు పట్టుకోకపోతే నది దాటి కెనడా పోతావు," అన్నాను. కటకటాల పక్కన ఇద్దరం జింజర్ సోడా తాగుతూ కూర్చున్నాం.

పైన కెన్యాటా సూది పెట్టి, మైకులో ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. మిషను దరువు నాలుగింటి మీదా పడుతోంది, కానీ గట్టిగా కాదు, గుండె కొట్టుకున్నంతే. బేస్ ఒకటి మీద పడింది. పడి, ఆగింది. ఆ ఖాళీలో హాల్లో తిరుగుతున్న చక్రాల చప్పుడు, చెక్క మీద చెక్క రాసుకున్నట్టు, సర్రున వచ్చి నిండింది. మళ్ళీ బేస్ పడింది. మళ్ళీ చక్రాలు. జనం లేకపోతే ఆ పాట సగమే. నేల మీద ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే ఒకరి నడుము ఒకరు పట్టుకుని రైలు కట్టడం మొదలుపెట్టారు.

"ఎవరిదిది?" అంది అర్డెల్లా.

"నాకేం తెలుసు?"

"అబద్ధమాడితే నీ చెవులు కదుల్తాయి థియో." ఆమె సోడా నా చేతికిచ్చి, కుర్చీని తనే తోసుకుంటూ నేల అంచు దాకా పోయింది.

కెన్యాటా వచ్చి వెనక పిడులు పట్టుకుంది. "డాక్టరు వద్దన్నాడమ్మా."

"చక్రాల మీద నిలబడొద్దన్నాడు. కూర్చోవద్దని ఎవడన్నాడు? తొయ్."

తోసింది. రైలు వాళ్ళ వెనక వచ్చి చేరింది. ముందు అర్డెల్లా, ఆమె వెనక కూతురు, కూతురి నడుము పట్టుకుని మా పేటంతా. నా నూనె బాగా పనిచేసింది. మూల దగ్గర అర్డెల్లా కుడి వైపుకు ఒరిగితే రైలు మొత్తం ఒరిగింది. నా ముందు నుంచి పోతున్నప్పుడు ఆమె అరుస్తోంది. "ఒకటి మీద తొయ్యవే, ఒకటి మీద! ఆ, అదీ! ఇప్పుడు వదిలెయ్, జారనీ!" కెన్యాటా నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను.

పాట అయిపోయింది. రైలు మెల్లగా విడిపోయింది. అర్డెల్లా నేల మధ్యలో ఆగి, ఒడిలో చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏం చూస్తున్నావయ్యా అలా? పైకి పో. మళ్ళీ అదే పెట్టు."

ఒక రికార్డును ఒకే పూట రెండుసార్లు వేయమని ఎంతమంది బతిమాలినా ఆమె ఎన్నడూ వినలేదు. నేను మెట్లెక్కి, సూదిని మళ్ళీ మొదట్లో పెట్టాను.